ఎక్స్‌ప్లెయినర్: చిన్న విమానం ఇంజిన్ మొరాయిస్తే ఏం జరుగుతుంది? కింద పొలంలో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

‘సాంకేతిక లోపంతో కుప్పకూలిన శిక్షణ విమానం.’ ఈ హెడ్డింగ్ మీరు చాలాసార్లు చదివే ఉంటారు. ప్రమాదం జరిగిన గంటలోపే ఏ ఛానల్ పెట్టినా వినిపించేది ఇదే మాట. ఆ లోపం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. ఏడాది తర్వాతో, రెండేళ్ల తర్వాతో అసలు రిపోర్టు వచ్చేసరికి దాన్ని చదివేవాళ్లూ ఉండరు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఈ 3 జిల్లాల్లో ఒక్క విమానాశ్రయం కూడా లేదు. పక్కనే మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర ప్రాంతంలో కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా వింటున్నదే. మరి విమానం ఇంజిన్ గురించి ఇక్కడివాళ్లకు ఎందుకు? ఎందుకంటే ఈ జిల్లాలు రన్‌వేలకు దూరమే కానీ విమానాల దారికి దూరం కాదు. ఉత్తరాన బేగంపేట, శంషాబాద్, దుండిగల్. తూర్పున నాగార్జునసాగర్ ఎయిర్‌ఫీల్డ్. దక్షిణాన 2021లో మొదలైన కర్నూలు జిల్లా ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు. వీటి మధ్యలో మిగిలిన నేల మనది.

పైగా కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే 200 గంటలు ఎగరాలి. అందులో 300 నాటికల్ మైళ్లకు, అంటే సుమారు 555 కిలోమీటర్లకు తగ్గకుండా ఒక దూరప్రయాణం కూడా ఉండాలి. ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ చక్కర్లు కొడితే ఆ లెక్క తేలదు. ఎక్కడో ఒకచోట ఊళ్ల మీదుగా, పొలాల మీదుగా పోవాల్సిందే.

మన చుట్టుపక్కల జరిగినవి

2022 ఫిబ్రవరి 26న నాగార్జునసాగర్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి బయలుదేరిన ఫ్లైటెక్ అకాడమీ సెస్నా 152 విమానం నల్లగొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర కూలింది. ఒంటరిగా విమానం నడుపుతున్న ట్రైనీ పైలట్ చనిపోయారు. నాగర్‌కర్నూల్‌కు ఆనుకుని ఉన్న జిల్లాయే అది. అంతకుముందు 2019 అక్టోబర్ 6న బేగంపేటలోని రాజీవ్‌గాంధీ ఏవియేషన్ అకాడమీకి చెందిన సెస్నా 172 వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర పొలంలో పడింది. ఇద్దరు ట్రైనీలు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు వాతావరణం బాగాలేదు. 2018 నవంబర్‌లో శంకర్‌పల్లి మండలం మోకిల దగ్గర మరో శిక్షణ విమానం పొలంలో దిగిపడితే ట్రైనీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఈ మూడింటికీ కారణం ఇంజినే అని మేం చెప్పడం లేదు. మూడింట్లోనూ ఒక విషయం మాత్రం ఒకటే. విమానం రన్‌వే మీద కాదు, ఎవరి పొలంలోనో దిగింది. అక్కడికి మొదట చేరింది ఫైరింజనూ కాదు, అధికారులూ కాదు. చేలో పని చేసుకుంటున్న రైతులు, కూలీలు.

ఇంజిన్ ఆగితే రాయిలా పడుతుందా?

పడదు. జనంలో బాగా పాతుకుపోయిన అపోహ ఇది. విమానాన్ని గాల్లో నిలబెట్టేవి రెక్కలు. ఇంజిన్ దాన్ని ముందుకు తోస్తుందంతే. ఇంజిన్ ఆగితే విమానం ముక్కు కొంచెం కిందికి వంచి, వేగం పడిపోకుండా చూసుకుంటూ జారుడుబల్ల మీద జారినట్టు దిగుతుంది.

సెస్నా 172నే తీసుకోండి. ఇంజిన్ లేకుండా అది ఒక మీటరు కిందికి దిగే లోపు దాదాపు 9 మీటర్లు ముందుకు పోగలదు. నేల నుంచి 3,000 అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగితే సుమారు 8 కిలోమీటర్ల దూరం, 4 నిమిషాల సమయం చేతిలో ఉన్నట్టు. అదే 500 అడుగుల్లో ఆగితే? కిలోమీటరున్నర కూడా రాదు. 40 సెకన్లు.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. పైలట్ ముందున్న ఎత్తు మీటర్ మామూలుగా సముద్రమట్టం నుంచి లెక్క చెబుతుంది. మన పాలమూరు నేల చాలాచోట్ల సముద్రమట్టానికి 300 నుంచి 500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మీటర్ 3,000 అడుగులు చూపిస్తున్నా నాగర్‌కర్నూల్ వైపు నేలకూ విమానానికీ మధ్య ఉండేది దాదాపు అందులో సగమే. అంటే జారే దూరమూ 8 కాదు, 4 కిలోమీటర్లే.

తక్కువ ఎత్తు ఎంత ప్రమాదమో తెలుగువాళ్లకు బాగా గుర్తున్న ఘటన ఒకటుంది. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారానికి కరీంనగర్ వెళ్లడానికి బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో సెస్నా 180 ఎక్కారు. బెంగళూరు నుంచి కరీంనగర్‌కు మ్యాప్ మీద గీత గీస్తే అది నాగర్‌కర్నూల్ జిల్లా మీదుగానే వెళుతుంది. ఆ విమానం ఇక్కడి దాకా రానేలేదు. టేకాఫ్ అయిన కాసేపటికే కూలింది. అందులోని నలుగురూ చనిపోయారు. కారణం ఏదైనా, అంత కింద ఉన్నప్పుడు తప్పు దిద్దుకునే వ్యవధి ఏ పైలట్‌కూ ఉండదు.

పూర్తిగా ఆగడం కన్నా సగం ఆగడమే ప్రమాదం

ఆస్ట్రేలియా రవాణా భద్రతా బ్యూరో ఒక అధ్యయనం ప్రచురించింది. 2000 నుంచి 2010 వరకు ఆ దేశంలో సింగిల్ ఇంజిన్ విమానాలకు టేకాఫ్ తర్వాత జరిగిన ఘటనలను పరిశీలించింది. ఇంజిన్ పూర్తిగా ఆగిపోయిన ఘటనలు 75. వాటిలో ఒక్కటీ ప్రాణాంతకం కాలేదు. ఇంజిన్ శక్తి కొంత మాత్రమే పోయిన ఘటనలు 242. వాటిలో 9 ప్రాణాంతకమయ్యాయి.

వినడానికి విచిత్రంగా ఉంది కదా? ఇంజిన్ చచ్చిపోతే పైలట్‌కు సందేహం ఉండదు. ఎదురుగా ఉన్న పొలంలో దిగాల్సిందే. అది దగ్గుతూ, తుమ్ముతూ కొంత శక్తి ఇస్తుంటే ఆశ పుడుతుంది. వెనక్కి తిప్పితే రన్‌వే అందుతుందేమో అనిపిస్తుంది. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో విమానాన్ని గట్టిగా తిప్పితే రెక్క మీద గాలి పట్టు తప్పుతుంది. దాన్నే స్టాల్ అంటారు. అప్పుడు మాత్రం విమానం నిజంగానే రాయిలా పడుతుంది. చాలా ప్రమాదాల్లో ప్రాణం తీసేది ఇంజిన్ కాదు, ఆ మలుపు. శిక్షణలో మొదటి రోజు నుంచీ ‘ముందు విమానం నడుపు, మిగతావన్నీ తర్వాత’ అని నూరిపోసేది ఇందుకే.

హెలికాప్టర్ విషయం వేరే అయినా ఈ సూత్రం చెప్పేటప్పుడు 2009 సెప్టెంబర్ 2 గుర్తుకు రాక తప్పదు. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కృష్ణకు అవతల నల్లమలలోని పావురాలగుట్ట మీద కూలింది. అది రెండు ఇంజిన్ల బెల్ 430. ఇంజిన్లు ఆగిపోయాయని దర్యాప్తు కమిటీ చెప్పలేదు. ఉరుముల మేఘాల కింద బలంగా కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పిందని చెప్పింది. చివరి నిమిషాల్లో సిబ్బంది దృష్టంతా ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరికకు పరిష్కారం వెతకడం మీదే ఉందనీ రాసింది. ఆ శకలాలు కనిపించడానికి మర్నాడు ఉదయం దాకా పట్టింది. ముఖ్యమంత్రి కోసం వాయుసేన దిగి వెతికితేనే అంత సమయం. ఒక ట్రైనీ ఆమ్రాబాద్ అడవిలో దిగిపోతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అసలు శక్తి ఎందుకు పోతుంది?

సగం జబ్బులు మన బండికి వచ్చేవే. పెట్రోల్ అయిపోవడం. పెట్రోల్ ఉన్నా పైలట్ తిప్పిన వాల్వ్ ఖాళీ ట్యాంకు వైపు ఉండటం. ట్యాంకులో నీళ్లు చేరడం. ఇందుకే ప్రతిరోజూ తొలిసారి ఎగరబోయే ముందు, మళ్లీ ఇంధనం నింపిన ప్రతిసారీ ట్యాంకు అడుగు నుంచి గాజులాంటి కప్పులోకి కొంచెం వంపి చూస్తారు. నీరు ఉంటే అడుగున తేలిపోతుంది. రంగూ చూస్తారు. ఈ విమానాలు వాడే ఏవ్‌గ్యాస్ లేత నీలం రంగులో ఉంటుంది. జెట్ విమానాల ఇంధనం పొరపాటున ఇందులో పడితే పిస్టన్ ఇంజిన్ కొద్దిసేపటికే చేతులెత్తేస్తుంది. మన దేశం ఈ ఏవ్‌గ్యాస్‌ను చాలాకాలం దిగుమతి చేసుకుంది. 2022 సెప్టెంబర్‌లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారైనదాన్ని మార్కెట్లోకి తెచ్చింది.

బండివాళ్లకు తెలియని జబ్బు ఒకటుంది. అదే కార్బురేటర్‌లో మంచు. సెస్నా 152 లాంటి వాటిలో ఇంజిన్‌కు ఇంధనం కార్బురేటర్ ద్వారానే వెళుతుంది. ఇరుకు గొట్టంలోంచి గాలి వేగంగా దూరేటప్పుడు, పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు అక్కడ వేడి ఒక్కసారిగా 30 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. గాలిలో తేమ ఉంటే గొట్టంలో మంచు పేరుకుంటుంది. బయట 20 డిగ్రీలున్నా ఇది జరుగుతుంది. జూరాల దగ్గరో, సోమశిల బ్యాక్‌వాటర్ మీదో డిసెంబర్ పొద్దుటిపూట తేమ ఎలా ఉంటుందో మీకు తెలుసు. దీనికి మందు చాలా చిన్నది. కాక్‌పిట్‌లో ఒక నాబ్ లాగితే వేడిగాలి వెళ్లి మంచు కరుగుతుంది. కరిగే కొద్ది సెకన్లు ఇంజిన్ ఇంకా ఎక్కువ మొరాయిస్తుంది. అప్పుడు భయపడి నాబ్ వెనక్కి నెట్టేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఎండాకాలం ఇంకో రకం. ఏ లోపమూ లేకుండానే శక్తి తగ్గుతుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి పలచబడి, ఇంజిన్‌కు 5,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ఉంటుంది. శక్తిలో దాదాపు ఏడోవంతు టేకాఫ్ కాకముందే పోయినట్టు లెక్క. విమానం రన్‌వే మీద ఎక్కువ దూరం పరిగెత్తుతుంది, నెమ్మదిగా ఎక్కుతుంది.

మెయింటెనెన్స్ మాటేమిటి అంటారా? అదీ ఉంది. 2023 అక్టోబర్‌లో మహారాష్ట్ర బారామతి దగ్గర రెడ్‌బర్డ్ అకాడమీ విమానాలు 4 రోజుల వ్యవధిలో రెండు పడ్డాయి. డీజీసీఏ ఆ సంస్థ శిక్షణను కొంతకాలం ఆపేయించింది. ఫ్లయింగ్ స్కూళ్లకు 2025 అక్టోబర్ నుంచి ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. తొలి జాబితాలో పై రెండు శ్రేణులు దక్కించుకున్న సంస్థ దేశంలో ఒక్కటీ లేదు. పిల్లల్ని పైలట్ కోర్సులో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు లక్షల ఫీజు కట్టే ముందు చూడాల్సింది బ్రోచర్‌ను కాదు, ఈ జాబితాను.

మన పొలాల్లో దిగడం ఎంత తేలిక?

పైనుంచి చూస్తే ఈ 3 జిల్లాలు దిగడానికి అనువుగానే కనిపిస్తాయి. కిందికొస్తే తెలుస్తుంది అసలు సంగతి. నీళ్లు పెట్టిన వరి మడిలో ముందు చక్రం దిగబడి విమానం బోర్లా పడుతుంది. గద్వాల వైపు విత్తన పత్తి ఏపుగా ఉన్నప్పుడు చేలో రాయి ఎక్కడుందో, గట్టు ఎక్కడుందో పైనుంచి తెలియదు. వనపర్తి వైపు పల్లీ తీసేసిన మెట్ట చేను వీటన్నిటికన్నా నయం. బండరాళ్ల గుట్టల సంగతి చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు కరెంటు తీగ. బోరుబావుల మోటార్లకు చేను చేనుకూ లైన్లు, జూరాల, శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రాల నుంచి పోయే హైటెన్షన్ టవర్లు. స్తంభం కనిపిస్తుంది కానీ తీగ కనిపించదు. స్తంభాల వరుస చూసి, మధ్యలో తీగ ఉందని ఊహించుకోవాలి పైలట్.

‘కొత్తకోట, పెబ్బేరు మీదుగా నేషనల్ హైవే 44 ఉంది కదా, దానిమీద దిగొచ్చుగా’ అని అడిగేవాళ్లుంటారు. కొరిసపాడు దగ్గర హైవే మీద వాయుసేన విమానాలు దింపడం టీవీలో చూసి ఉంటారు. అది అందుకోసమే ప్రత్యేకంగా వేసిన భాగం. ట్రాఫిక్ ఆపి దింపారు. మామూలు హైవేలో లారీలు, డివైడర్, లైటు స్తంభాలు, అడ్డంగా పోయే తీగలు... ఖాళీ చేనే మేలు.

మీ కళ్లముందే దిగితే

మొదటి ఫోన్ 112కు. పోలీస్, అంబులెన్స్, ఫైర్ అన్నీ ఒకే నంబర్ మీద అందుతాయి. ఊరు పేరు ఒక్కటే చెబితే సరిపోదు, ఏ చెరువు దగ్గర, ఏ రోడ్డు నుంచి దారి ఉందో చెప్పండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. అలంపూర్ నుంచి అచ్చంపేట దాకా ‘పొలాల్లో విమానం పడింది’ అంటే అంబులెన్స్ డ్రైవర్‌కు ఏం అర్థమవుతుంది? 3 జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. తీవ్రంగా కాలిన గాయాలైతే చివరికి హైదరాబాద్‌కో, గద్వాల వైపు నుంచి కర్నూలుకో తీసుకెళ్లాల్సి రావచ్చు. కాబట్టి మొదటి 10 నిమిషాలు ఫోన్ చేసినవాళ్ల చేతిలోనే ఉన్నాయి.

దగ్గరికి పోయేటప్పుడు ప్రొపెల్లర్ ముందుకు వెళ్లకండి. ఆగినట్టు కనిపించినా దాన్ని చేత్తో తాకకండి. ఈ ఇంజిన్లలో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు, రెక్క కొంచెం కదిలినా ఇంజిన్ ఒక్కసారి తన్నవచ్చు. సెస్నాల్లో ఇంధనం రెక్కల్లోనే ఉంటుంది, అంటే మనిషి తల మీదుగా కారుతుంటుంది. బీడీ, సిగరెట్ వెలిగించినవాళ్లను దూరంగా పంపండి. తెగిన కరెంటు తీగ ఉంటే లైన్ ఆపించకుండా ఎవరూ లోపలికి పోవద్దు. సిరస్ లాంటి కొన్ని విమానాల్లో రాకెట్‌తో పైకి లేచే పారాచూట్ ఉంటుంది. హెచ్చరిక స్టిక్కర్ ఉన్న భాగాన్ని కోయడం, కొట్టడం చేయకూడదు.

మనిషి లోపల ఉంటే కాపాడాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. శకలాలను కదపకూడదన్న నిబంధన నుంచి ప్రాణాలు కాపాడటానికి, మంటలు ఆర్పడానికి స్పష్టమైన మినహాయింపు ఉంది. ఆ పని అయ్యాక మాత్రం ఏదీ ముట్టుకోవద్దు.

ఎందుకంటే సెస్నా 152 లాంటి పాత శిక్షణ విమానాల్లో బ్లాక్ బాక్స్ ఉండదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా బోయింగ్ కూలినప్పుడు నెల రోజులకే ప్రాథమిక రిపోర్టు వచ్చింది. టేకాఫ్ అయిన కొద్ది సెకన్లకు రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లూ సెకను తేడాతో కటాఫ్‌కు మారాయని అందులో ఉంది. ఆ సంగతి చెప్పింది బ్లాక్ బాక్సే. చిన్న విమానంలో ఆ సాక్ష్యమంతా మీ చేలో పడి ఉంటుంది. ప్రొపెల్లర్ రెక్కలు మెలితిరిగి వంగాయా, తిన్నగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి నేలను తాకేటప్పుడు ఇంజిన్ తిరుగుతోందో లేదో అంచనా వేస్తారు. ఇంధన వాల్వ్ ఏ ట్యాంకు వైపు ఉంది, కార్బురేటర్ నాబ్ లాగి ఉందా, ట్యాంకులో పెట్రోల్ మిగిలిందా... సెల్ఫీ కోసం కాక్‌పిట్‌లో చెయ్యి పెట్టినవాడు ఒక్క నాబ్ కదిపినా ఒక జవాబు పోయినట్టే.

మీ ఫోన్‌లో వీడియో ఉందా? అదే ఆ విమానానికి బ్లాక్ బాక్స్. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే క్వాలిటీ పోతుంది, టైమ్ వివరాలు పోతాయి. ఒరిజినల్ ఫైల్ డిలీట్ చేయకుండా పోలీసులకు, దర్యాప్తు అధికారులకు ఇవ్వండి. చనిపోయినవారి ముఖం కనిపించే వీడియో వాళ్ల ఇంటికి మనకన్నా ముందే చేరుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

దర్యాప్తు ఎవరిది?

2012లో ఏర్పాటైన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, అంటే ఏఏఐబీది. 2017 నిబంధనల ప్రకారం దీని పని భవిష్యత్తులో ప్రమాదాలు జరగకుండా చూడటమే, ఎవరిది తప్పో తేల్చడం కాదు. పోలీస్ కేసు వేరు, ఇది వేరు.

ఇందులో మనవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. బరువు 2,250 కిలోలు దాటిన విమానాలకు, జెట్‌లకు ప్రమాదం జరిగితే ఏఏఐబీ దర్యాప్తు తప్పనిసరి. అంతకన్నా తేలికైనవాటికి అది సంస్థ విచక్షణ. సెస్నా 152 నిండా నింపినా 757 కిలోలు. సెస్నా 172 కూడా 1,200 కిలోలు దాటదు. అంటే మన ఊళ్ల మీద తిరిగే శిక్షణ విమానాలన్నీ ‘విచక్షణ’ గీతకు కిందే ఉన్నాయి. ప్రాణాలు పోయినప్పుడు సాధారణంగా దర్యాప్తు జరుగుతుంది. ఎవరికీ ఏమీ కాకుండా ఇంజిన్ ఆగి చేలో దిగిన ఘటనల మీద కూడా అంతే శ్రద్ధ ఉండాలన్నది మా అభిప్రాయం. తర్వాతి ప్రమాదాన్ని ఆపే సమాచారం ఎక్కువగా దొరికేది వాటిలోనే. పైలట్ బతికే ఉంటాడు, ఇంజిన్ ముక్కలవకుండా ఉంటుంది.

ఏఏఐబీ తుది రిపోర్టులు దాని వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు. అక్కడ వెతకడానికి ఊరి పేరు, పైలట్ పేరు అక్కర్లేదు. ప్రతి భారతీయ విమానం ఒంటి మీద ‘వీటీ’ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు, ఒక గీత, మరో మూడు అక్షరాలు పెద్దగా రాసి ఉంటాయి. మీ చేలో ఎప్పుడైనా ఒకటి దిగితే 112కు ఫోన్ చేసినప్పుడు ఆ ఐదు అక్షరాలు చెప్పండి. ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. రిపోర్టు ఎప్పుడు వచ్చినా అది మీకు దొరికేది ఆ అక్షరాలతోనే.